బండి స్టార్ట్ కావడం లేదా? మెకానిక్‌ని పిలిచే ముందు ఇవి చూడండి

ఫంక్షన్ హాలు నుంచి మెకానిక్ షెడ్డుకు కిలోమీటరున్నర ఉంటుంది. మే నెల, మిట్టమధ్యాహ్నం, ఒంటి మీద పట్టు చొక్కా, కడుపులో పెళ్లి భోజనం. అంత దూరమూ బండిని తోసుకుంటూ వెళ్లాను. అంతకు ముందు పదిహేను నిమిషాల పాటు కిక్ కొట్టాను, ట్యాంకు ఊపాను, ప్లగ్ క్యాప్ పీకి మళ్లీ పెట్టాను, చుట్టూ చేరిన బంధువుల సలహాలన్నీ శిరసావహించాను. షెడ్డులో మెకానిక్ బండిని ఒకసారి పైనుంచి కిందికి చూసి, హ్యాండిల్ కుడి వైపున్న ఎర్ర స్విచ్చిని బొటనవేలితో నెట్టి, ఒక్క కిక్ కొట్టాడు. స్టార్ట్ అయింది. డబ్బులిస్తే తీసుకోలేదు. "పిల్లలెవరో ఎక్కి ఆడుకుని ఉంటారు సార్" అన్నాడు. తిట్టినా ఇంత గుర్తుండేది కాదేమో.

ఆ రోజు నుంచి నాకంటూ ఒక వరస పెట్టుకున్నాను. ముందు చెవి, తర్వాత చెయ్యి, తర్వాత ముక్కు, ఇవన్నీ అయ్యాకే స్పానర్. బండి మొరాయించినప్పుడు మనం చేసే పెద్ద తప్పు తొందరపడి స్పానర్‌తో మొదలుపెట్టడం, లేదా అదే పనిగా సెల్ఫ్ నొక్కుతూ పోవడం. అలా చేస్తే చిన్న సమస్యకు తోడుగా ఇంకో రెండు సమస్యలు పుడతాయి.

ఇక్కడ చెప్పేవి మన రోడ్ల మీద రోజూ తిరిగే 100 నుంచి 200 సీసీ బళ్లకు, స్కూటర్లకు వర్తిస్తాయి. మీది కార్బరేటర్ బండో (పెట్రోలు, గాలి కార్బరేటర్ అనే భాగంలో కలిసేది), ఫ్యూయల్ ఇంజెక్షన్ బండో (పంపుతో పెట్రోలు చల్లేది) ముందు తెలుసుకోండి. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు అమల్లోకి వచ్చాక వచ్చిన బళ్లలో దాదాపు అన్నీ ఇంజెక్షన్‌వే. పాత బళ్లలో ట్యాంకు కింద ఎడమ పక్కన తిప్పే పెట్రోల్ నాబ్ ఉంటే అది కార్బరేటర్ బండి అనుకోవచ్చు.

మొదటి అడుగు: ఒక్కసారి నొక్కి, వినండి

తాళం ఆపండి. పది సెకన్లు ఆగి మళ్లీ ఆన్ చేయండి. సెల్ఫ్ బటన్ ఒక్కసారి, రెండు మూడు సెకన్లు మాత్రమే నొక్కండి. ఆ రెండు మూడు సెకన్లలో వినపడినదాన్ని బట్టి ఎక్కడ వెతకాలో సగం తేలిపోతుంది.

అసలు ఏ చప్పుడూ లేదంటే స్విచ్‌ల దగ్గరో, ఫ్యూజు దగ్గరో ఆగిపోయిందని అర్థం. ఒక్క 'టిక్' అనో, వరసగా 'టిక్ టిక్ టిక్' అనో వినిపిస్తే సెల్ఫ్ మోటారుకు కరెంటు పంపే రిలే పనిచేస్తోంది, బ్యాటరీలో సత్తువ లేదు, లేదా దాని వైరు వదులైంది. ఇంజిన్ మూలుగుతూ నెమ్మదిగా తిరిగితే అదీ బ్యాటరీ గొడవే. ఇంజిన్ చురుగ్గా తిరుగుతూ కూడా అందుకోకపోతే బ్యాటరీ జోలికి వెళ్లకండి. పెట్రోలు, స్పార్క్, గాలి, ఈ మూడింటిలో ఏదో ఒకటి అందడం లేదు. స్టార్ట్ అయి పది సెకన్లకో, వీధి మలుపులోనో ఆగిపోతే పెట్రోలు దారిలో అడ్డం ఉందని ముందుగా అనుమానించండి.

మీ బండికి సెల్ఫ్ లేకపోతే ఈ వైద్యం కుదరదు. హారన్ కొట్టి చూడండి. గట్టిగా మోగితే బ్యాటరీ బాగానే ఉంది.

రెండో అడుగు: స్విచ్‌లు, స్టాండు, క్లచ్చు

మొదట నా పాత శత్రువు, ఎర్ర కిల్ స్విచ్, అంటే ఇంజిన్‌ని ఆపేసే స్విచ్. కొన్ని బళ్లలో ఇది ఆఫ్‌లో ఉంటే సెల్ఫ్ అసలు తిరగదు. అది నయం, వెంటనే అనుమానం వస్తుంది. కొన్నింటిలో సెల్ఫ్ హుషారుగా తిరుగుతుంది, కిక్ కొట్టినా మామూలుగానే ఉంటుంది, స్పార్క్ మాత్రం రాదు. మనిషిని పిచ్చివాణ్ని చేసేది ఈ రెండో రకమే. సిగ్నల్ దగ్గర బొటనవేలు తగిలి ఆఫ్ కావచ్చు, పార్కింగ్‌లో పక్క బండి వాళ్ల సంచి తగలొచ్చు. చూసి ఊరుకోవద్దు. రెండు మూడు సార్లు అటూ ఇటూ నొక్కండి. వాన నీళ్లు, దుమ్ము చేరిన స్విచ్ ఆన్‌లో ఉన్నట్టు కనిపిస్తూనే లోపల అంటుకోకుండా ఉంటుంది. కొన్ని 100 సీసీ బళ్లకు ఈ స్విచ్చే లేదు, వాళ్లు అదృష్టవంతులు.

తర్వాత సైడ్ స్టాండు. స్టాండు వేసి ఉండగా బండి కదిలితే ప్రమాదమని ఈమధ్య వచ్చే చాలా బళ్లకు స్టాండు దగ్గర ఒక సెన్సర్ పెడుతున్నారు. కొన్ని బళ్లు స్టాండు దించి ఉంటే స్టార్టే కావు. కొన్ని న్యూట్రల్‌లో స్టార్ట్ అవుతాయి కానీ గేరు వేయగానే ఆగిపోతాయి. గేరు వేస్తే ఆగిపోయే బండిని చూసి క్లచ్ ప్లేట్లు పోయాయని కంగారు పడేవాళ్లను చూశాను. స్టాండు పూర్తిగా పైకి ఎత్తండి. ఎత్తినా మీటరులో స్టాండు గుర్తు ఆరకపోతే అది సగంలో ఆగిందో, సెన్సర్ దగ్గర బురద గట్టిపడిందో చూడండి. పొలం బాటలో తిరిగే బళ్లకు ఇది మామూలే. నీళ్లు పోసి, పాత టూత్ బ్రష్షుతో రుద్ది, స్టాండును నాలుగైదు సార్లు వేసి తీస్తే చాలాసార్లు సరిపోతుంది.

ఇక గేరు. ఆకుపచ్చ 'ఎన్' దీపం వెలుగుతోందా? వెలగకపోతే బండిని ముందుకూ వెనక్కీ కొద్దిగా ఊపుతూ న్యూట్రల్ పట్టుకోండి. గేరులో ఉంటే క్లచ్ పూర్తిగా పట్టాకే సెల్ఫ్ తిరుగుతుంది. కొన్ని బళ్లకు న్యూట్రల్‌లో కూడా క్లచ్ పట్టాల్సిందే. క్లచ్ లివర్ మొదట్లో ఒక చిన్న స్విచ్ ఉంటుంది. లివర్ పట్టి వదిలినప్పుడు అక్కడ సన్నగా 'టిక్' అని వినపడాలి. స్కూటర్లయితే బ్రేక్ లివర్ పట్టాలి. ఇంట్లో గేరు బండికి అలవాటు పడినవాళ్లు స్కూటర్ తీసినప్పుడు ఇది మరిచిపోయి అరగంట తంటాలు పడతారు. బ్రేక్ పట్టినప్పుడు వెనక ఎర్ర దీపం వెలగకపోతే బ్రేక్ స్విచ్ పాడై ఉండొచ్చు. అప్పుడు సెల్ఫ్ తిరగకపోవడంలో వింత లేదు. రెండో బ్రేకు పట్టి చూడండి.

బండి ఈమధ్య కిందపడిందా? చాలా ఇంజెక్షన్ బళ్లలో బండి ఒరిగితే ఇంజిన్‌ని ఆపేసే సెన్సర్ ఉంటుంది. బండిని నిలబెట్టినంత మాత్రాన అది శాంతించదు. పెట్రోలు కారడం లేదని చూసుకుని, తాళం ఒకసారి పూర్తిగా ఆపి మళ్లీ ఆన్ చేయాలి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా మీటరు కూడా వెలగకపోతే ఫ్యూజు చూడండి. సీటు కిందో, పక్క డోము లోపలో బ్యాటరీ దగ్గర చిన్న ప్లాస్టిక్ పెట్టెలో ఉంటుంది. లోపలి సన్నటి తీగ తెగి ఉంటే పోయినట్టు. ఆ పెట్టెలోనే సాధారణంగా ఒక స్పేరు ఫ్యూజు కూడా ఉంటుంది. అదే ఆంపియర్‌ది వేయండి. సిగరెట్ పెట్టె రేకు చుట్టి పని కానిచ్చే చాదస్తం వద్దు. ఫ్యూజు కాలిపోతేనే వైరింగు బతుకుతుంది. కొత్త ఫ్యూజు కూడా వెంటనే పోతే ఎక్కడో వైరు ఒరుసుకుని బాడీకి తగులుతోంది. ఎక్కువసార్లు ఆ పాపం బయట వేయించిన అదనపు లైట్లు, పెద్ద హారన్‌ల వైర్లదే.

మూడో అడుగు: పెట్రోలు ఉందా అని కాదు, చేరుతోందా అని అడగండి

మీటరు ముల్లును నమ్మకండి. మూత తీసి, బండిని ఊపి, లోపల అలలు కొట్టుకునే చప్పుడు వినండి. సెల్‌ఫోన్ లైటు వేయవచ్చు, అగ్గిపుల్ల వెలిగించవద్దు. ఇది రాయాల్సిన మాటేనా అనిపిస్తుంది, కానీ చూశాను కాబట్టే రాస్తున్నాను.

కార్బరేటర్ బండిలో నాబ్‌కు ఆన్, రిజర్వు, ఆఫ్ అని మూడు చోట్లు ఉంటాయి. రాత్రి నాబ్ ఆఫ్ చేసే జాగ్రత్తపరులకు ఉదయం జరిగేది ఇది. కార్బరేటర్ అడుగున చిన్న గిన్నెలాంటి భాగంలో కొంత పెట్రోలు నిలిచి ఉంటుంది. దాంతో బండి చక్కగా స్టార్ట్ అవుతుంది, కొన్ని వందల మీటర్లు పోతుంది, సరిగ్గా పాలబూత్ దగ్గర ఆగిపోతుంది. ఇంటి దగ్గర బాగానే స్టార్ట్ అయింది కాబట్టి నాబ్ మీదికి ఎవరి అనుమానమూ పోదు. ఇంకో తిరకాసు ఉంది. కొన్ని నాబ్‌లకు ఒక కొస పొడుగ్గా, ఒక కొస పొట్టిగా ఉంటుంది. ఏ కొస గుర్తు వైపు చూడాలో తెలియక తిరగేసి పెట్టేస్తారు. బాణం గుర్తు ఉన్న కొసే చూపుడు కొస. రిజర్వులో పెట్టి నడిపినవాళ్లు బంకులో పోయించుకోగానే నాబ్‌ని ఆన్‌కు తిప్పడం మరిస్తే, వచ్చేసారి రిజర్వు అనేది మిగలదు. ముందస్తు హెచ్చరిక లేకుండా నడిరోడ్డు మీద ఖాళీ అవుతుంది.

ఇంజెక్షన్ బండిలో తాళం తిప్పగానే ట్యాంకు కింది నుంచి రెండు మూడు సెకన్లు 'జుయ్' మని పంపు చప్పుడు వస్తుంది. అది ఆగాక సెల్ఫ్ నొక్కాలి. తాళం, సెల్ఫ్ ఒకే ఊపులో నొక్కేసేవాళ్లకు ఈ చప్పుడు ఎప్పుడూ వినపడి ఉండదు. వినపడకపోతే మళ్లీ కిల్ స్విచ్, ఆ తర్వాత ఫ్యూజు చూడండి. ట్యాంకు పూర్తిగా ఖాళీ అయ్యాక పోయించినట్టయితే, తాళాన్ని మూడు నాలుగు సార్లు ఆన్ చేసి, ప్రతిసారీ పంపు ఆగేదాకా ఉండి ఆఫ్ చేయండి. గొట్టంలోని గాలి పోయి పెట్రోలు వస్తుంది.

ట్యాంకు మూతకు ఊపిరి తీసుకునే సన్నటి రంధ్రం ఉంటుంది. పెట్రోలు కిందికి దిగుతున్న కొద్దీ అంత గాలి లోపలికి రావాలి. దుమ్ముతోనో, పాలిష్ మైనంతోనో ఆ రంధ్రం మూసుకుపోతే బండి పది నిమిషాలు నడిచి ఆగిపోతుంది. కాసేపు ఆగితే మళ్లీ స్టార్ట్ అవుతుంది, మళ్లీ ఆగుతుంది. ఆగిన వెంటనే మూత తెరవండి. 'ఉస్స్' మని గాలి లోపలికి పీల్చుకుంటే దొంగ దొరికినట్టే.

పెట్రోలులో నీళ్లు కలిశాయన్న అనుమానం ఉంటే ఒక గాజు సీసాలోకి కొద్దిగా తీసి, పావుగంట కదపకుండా పెట్టండి. వేరే పొరగా అడుగున ఏదైనా పేరుకుంటే ఆ పెట్రోలు పనికిరాదు. 2025 నాటికి దేశంలో పెట్రోలుతో కలిపే ఇథనాల్ 20 శాతానికి చేరింది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. నీళ్లు హద్దు దాటితే రెండూ కలిసి పెట్రోలును వదిలి కిందికి దిగిపోతాయి. పంపు లాగేది అడుగు నుంచే కాబట్టి ఇంజిన్‌కు ముందు అందేది ఆ నీళ్లే. నెలల తరబడి కదలని బండిలో, మూత రబ్బరు పాడై వానకు తడిసిన బండిలో దీని బెడద ఎక్కువ. పొరపాటున డీజిల్ పోయించుకుంటే మాత్రం స్టార్ట్ చేసే ప్రయత్నమే వద్దు. బంకులోనే ఆగి ట్యాంకు ఖాళీ చేయించండి.

నాలుగో అడుగు: ఎక్కువ ప్రయత్నించి పాడుచేయడం

ఈ తప్పు చేయని మనిషిని నేను చూడలేదు. బండి స్టార్ట్ కాలేదు, చోక్ లాగాం. కాలేదు, ఎక్సలేటర్ గట్టిగా తిప్పుతూ కిక్ కొట్టాం. కాలేదు, ఇంకా గట్టిగా తిప్పాం. పదో కిక్‌కు పెట్రోలు వాసన గుప్పుమంటుంది. అప్పటికి స్పార్క్ ప్లగ్గు కొసలు పెట్రోలులో తడిసి ముద్దయి ఉంటాయి. తడిసిన ప్లగ్గు మీద స్పార్క్ గాలిలోకి దూకకుండా ఆ తడి మీదుగానే జారిపోతుంది. మొదట్లో ఉన్న సమస్య ఏదైనా కావచ్చు, ఇప్పుడున్న సమస్య మాత్రం మనం తెచ్చిపెట్టుకున్నదే.

చోక్ అంటే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు గాలి తగ్గించి, పెట్రోలు పాలు పెంచే ఏర్పాటు. డిసెంబరు తెల్లవారుజామున కావాలి, మే నెల మధ్యాహ్నం అక్కర్లేదు. చోక్ వేసినప్పుడు ఎక్సలేటర్ ముట్టుకోకూడదు. చోక్ రకాన్ని బట్టి, ఎక్సలేటర్ తిప్పితే లాగుడు తగ్గి చోక్ పనిచేయడం మానేస్తుంది, లేదా పెట్రోలు మితిమీరి పడుతుంది. రెండూ మనకు వద్దు. స్టార్ట్ అయ్యాక అర నిమిషం, నిమిషంలో చోక్ తీసేయండి. చోక్ లాగి అలాగే ఉంచి ఆఫీసుకు వెళ్లిపోయేవాళ్లకు సాయంత్రం బండి మొరాయించడం ఖాయం.

పెట్రోలు వాసన వస్తుంటే చేయాల్సింది ఇది. చోక్ పూర్తిగా తీసేయండి. ఈసారి ఎక్సలేటర్‌ని చివరిదాకా తిప్పి అలాగే పట్టుకోండి. ఇంతసేపూ ముట్టుకోవద్దని చెప్పి ఇప్పుడు పూర్తిగా తిప్పమంటున్నానేమిటని అనుకోవద్దు. ఇప్పుడు మనకు కావలసింది గాలి. లోపల పేరుకున్న పెట్రోలును ఆ గాలి ఊడ్చుకుపోవాలి. అలా పట్టుకుని నాలుగైదు కిక్‌లు కొట్టండి, లేదా అయిదు సెకన్లు సెల్ఫ్ నొక్కండి. చాలా ఇంజెక్షన్ బళ్లలో కూడా ఎక్సలేటర్ పూర్తిగా తిప్పి సెల్ఫ్ నొక్కితే పెట్రోలు చల్లడం తగ్గుతుంది, లేదా ఆగుతుంది. ఇంజిన్ అందుకున్న క్షణంలో ఎక్సలేటర్ వదిలేయాలి. లేకపోతే వీధంతా ఉలిక్కిపడేలా అరుస్తుంది. అందుకోకపోతే పదిహేను నిమిషాలు బండిని వదిలేసి టీ తాగి రండి. నిజంగానే పనిచేస్తుంది. పెట్రోలు ఆవిరైపోవడానికి కావలసింది సమయమే.

సెల్ఫ్ ఎప్పుడూ అయిదు సెకన్లకు మించి నొక్కవద్దు, మధ్యలో పదిహేను ఇరవై సెకన్లు ఆగండి. స్టార్టర్ మోటారు తాగే కరెంటు ముందు హెడ్‌లైటు ఎందుకూ చాలదు. కిక్‌కూ ఒక పద్ధతి ఉంది. కాలితో మెల్లగా నొక్కుతూ పోతే ఒకచోట గట్టిగా తగులుతుంది. ఆ గట్టితనం కొద్దిగా దాటించి, కిక్‌ని పైకి రానిచ్చి, అప్పుడు ఒంటి బరువు వేసి చివరిదాకా తొక్కండి. సగం సగం తొక్కే పది కిక్‌ల కన్నా ఇలాంటిది ఒక్కటి మేలు.

అయిదో అడుగు: బ్యాటరీ

సెల్ఫ్ నొక్కగానే మీటరు దీపాలు మసకబారి, హారన్ పిల్లికూతలా వస్తే బ్యాటరీ దగ్గరికి వెళ్లండి. ముందు దాని రెండు కొసల స్క్రూలను వేళ్లతో కదిపి చూడండి. మన రోడ్ల గతుకులకు వదులైన స్క్రూలే సగం 'చచ్చిపోయిన' బ్యాటరీల వెనక ఉంటాయి. కొసల మీద తెల్లగా, పచ్చగా పొడి పట్టి ఉంటే అదీ కరెంటును ఆపుతుంది. శుభ్రం చేసేటప్పుడు వరస ముఖ్యం:

1. తాళం ఆపి, ముందు నల్ల వైరు, అంటే నెగెటివ్ విప్పండి. ఎర్ర వైరు ముందు విప్పితే స్పానర్ పొరపాటున బాడీకి తగిలి మెరుపులు వస్తాయి.
2. తర్వాత ఎర్ర వైరు విప్పండి.
3. వేడినీళ్లలో చిటికెడు వంటసోడా కలిపి, బ్రష్షుతో కొసలు రుద్ది, పొడి గుడ్డతో తుడవండి. నీళ్లు బ్యాటరీ లోపలికి పోకూడదు.
4. బిగించేటప్పుడు ముందు ఎర్రది, చివర నల్లది. పైన కాస్త వాజిలిన్ రాయండి.

వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఉంటే ఊహాగానాలు అక్కర్లేదు. రాత్రంతా నిలిపిన బండిలో మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపిస్తుంది. 12 కన్నా తక్కువుంటే ఛార్జింగ్ లేనట్టే. సెల్ఫ్ నొక్కినప్పుడు 9.5 కన్నా కిందికి పడిపోతే బ్యాటరీ ముసలిదైంది. ఇంజిన్ నడుస్తూ, కొద్దిగా రేసు ఇచ్చినప్పుడు 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. అంత రాకపోతే కొత్త బ్యాటరీ కొన్నా నెలలో మళ్లీ ఇదే కథ, ఎందుకంటే తప్పు ఛార్జింగ్‌ది.

మామూలు కమ్యూటర్ బళ్ల బ్యాటరీ 3 నుంచి 5 ఆంపియర్ అవర్లు మాత్రమే. చాలా చిన్నది. తాళం ఆన్‌లో ఉంచి, బండి మీద కూర్చుని ఫోను మాట్లాడటం, తాళాన్ని పార్కింగ్ లైటు గుర్తు దాకా తిప్పేసి వెళ్లిపోవడం, దీన్ని ఖాళీ చేయడానికి ఇవి చాలు. రోజూ అర కిలోమీటరు దూరంలోని కూరగాయల అంగడికే పోయే బండి కూడా సెల్ఫ్‌కు ఖర్చయినంత తిరిగి సంపాదించుకోలేదు.

బ్యాటరీ నీరసించినా చాలా కార్బరేటర్ బళ్లు కిక్‌కు లేస్తాయి. కిక్ లేని గేరు బండిని తోసి స్టార్ట్ చేయవచ్చు. వాహనాలు లేని చోట, వీలైతే పల్లం వైపు తిప్పి, తాళం, కిల్ స్విచ్ ఆన్ చేసి, రెండో గేరు వేసి క్లచ్ పట్టుకోండి. పరుగులాంటి నడక వేగం వచ్చాక సీటు మీద బరువుగా కూర్చుంటూ క్లచ్ ఒక్కసారిగా వదలండి. ఇంజిన్ అందుకోగానే మళ్లీ క్లచ్ పట్టేయండి. మొదటి గేరులో చేస్తే వెనక చక్రం బిగుసుకుని ఈడ్చుకుపోతుంది. గేర్లు లేని స్కూటర్లను ఇలా ఎంత తోసినా చెమట తప్ప ఏమీ రాదు. మీటరు కూడా వెలగనంతగా బ్యాటరీ చచ్చిన ఇంజెక్షన్ బండీ అంతే, పంపు తిరగడానికే కరెంటు లేదు.

ఆరో అడుగు: ప్లగ్గు

మొదట క్యాప్‌ని నొక్కి చూడండి. సర్వీసింగులో నీళ్లు కొట్టేటప్పుడో, ఎలుక తోకాడించినప్పుడో వదులై ఉండొచ్చు. తీసేటప్పుడు వైరు పట్టి లాగకండి, క్యాప్‌ని పట్టుకోండి. ప్లగ్గు విప్పే ముందు చుట్టూ ఉన్న మట్టిని ఊదేయండి. లేకపోతే అది నేరుగా ఇంజిన్‌లోకి పడుతుంది. ఇంజిన్ చల్లారాకే విప్పండి.

కొస బిస్కెట్ రంగులో ఉంటే అంతా బాగున్నట్టు. తడిగా ఉండి పెట్రోలు వాసన వస్తే నాలుగో అడుగులో చెప్పిన ముంపు. ఎంతసేపు తిప్పినా పొడిగానే ఉంటే పెట్రోలు రావడం లేదు. నల్లటి పొడి మసి అయితే ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందో, చోక్ సగం పడి ఉందో చూడండి. జిడ్డు నూనె ఉంటే ఇంజిన్ పని ఉంది. ప్లగ్గు కొసల మధ్య గ్యాపు ఎంతో బండితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది, చాలావాటికి 0.7 నుంచి 0.9 మిల్లీమీటర్ల మధ్య. ప్లగ్గును బాడీకి ఆనించి స్పార్క్ చూసే పాత పద్ధతి పెట్రోలు ఆవిరి ఉన్నచోట ప్రమాదం. ఇంజెక్షన్ బళ్లకు అది మంచిదీ కాదు. నేనైతే కొత్త ప్లగ్గు వేసి చూస్తాను, దాని ఖరీదు మెకానిక్ ఆటో ఛార్జీ కన్నా తక్కువ. బిగించేటప్పుడు ముందు చేత్తో చివరిదాకా తిప్పి, తర్వాతే స్పానర్ పెట్టండి. కొత్తదానికి అర చుట్టు చాలు.

వాన, వరద, ఎలుక

సర్వీసింగు మర్నాడో, పెద్ద వాన మర్నాడో స్టార్ట్ కాకపోతే క్యాప్ తీసి, లోపలా బయటా తుడిచి, ఎండలో అరగంట నిలబెట్టండి. చాలాసార్లు అంతే.

బండి మునిగితే మాత్రం కథ వేరు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్లు మునిగినప్పుడు ఎన్నో బళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. అలాంటి బండికి సెల్ఫ్ నొక్కకూడదు. గాలిని పిస్టన్ నొక్కగలదు, నీటిని నొక్కలేదు. సిలిండర్‌లో నీళ్లుండగా ఇంజిన్ తిప్పితే పిస్టన్‌కు తగిలించిన కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, చిన్న ఖర్చు కాస్తా పెద్ద ఖర్చవుతుంది. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులోకి మారి ఉంటే అందులో నీళ్లు చేరాయి. బ్యాటరీ విప్పి, షెడ్డుకు తోయించండి. ఆయిల్, ఎయిర్ ఫిల్టర్ మార్చి, ప్లగ్గు విప్పి సిలిండర్‌లోని నీళ్లు తీశాకే స్టార్ట్ చేయాలి.

నెలల తరబడి నిలబెట్టిన బండి, ఉదాహరణకు కొడుకు అమెరికా నుంచి సెలవులకు వచ్చేదాకా గోనెసంచి కప్పి ఉంచిన బండి, అంత తేలిగ్గా లేవదు. కార్బరేటర్ అడుగున డ్రెయిన్ స్క్రూ ఉంటుంది. అది వదులు చేసి పాత పెట్రోలు తీసేయండి. పాతబడ్డ పెట్రోలు పెయింటు డబ్బాలా ఘాటుగా వాసన వేస్తుంది. ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పితే గుడ్డ పీలికలు, వేరుశనగ తొక్కలతో ఎలుక కాపురం కనపడవచ్చు. సైలెన్సర్ గొట్టంలో కందిరీగ మట్టిగూడు కట్టిందేమో వేలు పెట్టకుండా, పుల్లతో చూడండి.

ఇంకా స్టార్ట్ కాకపోతే

కిక్ ఏ మాత్రం గట్టిగా తగలకుండా వదులుగా దిగిపోతుంటే, ఇంజిన్ గుర్తున్న పసుపు దీపం ఆరకపోతే, వైరు కాలిన వాసన వస్తుంటే అక్కడితో ఆపేయండి, ఇవి మెకానిక్ చూడాల్సినవి. ఫోనులో "బండి స్టార్ట్ కావడం లేదు, త్వరగా రండి" అని మాత్రం అనకండి. "సెల్ఫ్ చురుగ్గా తిరుగుతోంది, పంపు చప్పుడు వస్తోంది, ప్లగ్గు పొడిగా ఉంది, నిన్న బాగానే నడిచింది" అని చెప్పండి. అప్పుడతను ఏ సామాను తీసుకురావాలో తెలుసుకుని బయల్దేరతాడు. కిల్ స్విచ్ చూశారా అని అతను అడగకముందే చూశానని చెప్పేయండి.